తల ఎత్తని షూటర్

1. చంపావతి చక్రంతో ఓడిన మర్నాడు

కోచ్ గవరయ్య మాష్టారు నాకు శిక్ష వేశారు. కోర్టులో నోటికొచ్చినట్టు అనడం మానేసి, అనదలచుకున్నదంతా ఇంటికి పోయి రాసుకోవాలట. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాదే నూకరత్నం" అని పైనుంచి సామెత కూడా. నిన్న ఆట మధ్యలో నేను అన్నది ఒక్క మాట. అదీ రెఫరీని కాదు, మా దాలినాయుణ్ణి. జట్టులో అందరికంటే పొడుగు వాడే. అడ్డం నిలబడమంటే గుమ్మానికి కట్టిన తోరణంలా ఊగుతున్నాడు. అదే చెప్పాను.

ఓడిపోవడం మాకేం కొత్త కాదు. కానీ నిన్న ఓడిన తీరు వేరు. అంతరిక్షంలో తేలే చక్రమే మా ఊరు. మా వంశధార చక్రం తిరుగుతోంది కాబట్టే మా కాళ్ళు నేలకు ఆనుతున్నాయి, అందుకే ఇక్కడ బంతి తిన్నగా పోదు. చక్రం తిరిగే దిక్కుగా వేస్తే బరువెక్కి ముందే దిగిపోతుంది. ఎదురు దిక్కుగా వేస్తే తేలిపోయి బుట్ట దాటేస్తుంది. సగం ఆట బరువు బుట్టకి, మిగతా సగం తేలిక బుట్టకి. రెండింటికీ చెయ్యి కుదిరినవాడు మా ఊళ్ళో ఒక్కడే, అసిరినాయుడు బావ. మా అక్క, పోలమ్మ అప్ప మొగుడు.

కాబట్టి మా ఆటకి ఉన్నది ఒకటే పద్ధతి. నేను బంతి తెస్తాను, దాలినాయుడు అడ్డం నిలబడతాడు, బావ వేస్తాడు. పద్నాలుగేళ్ళు నిండగానే ఊరి పెద్దలు మమ్మల్ని కోర్టులో ఆడించి ఎవరిది ఏ చెయ్యో చెప్పేస్తారు. వేసే చెయ్యి, అందించే చెయ్యి, అడ్డే చెయ్యి. ఒకసారి చెప్పాక ఇక అదే. నాది అందించే చెయ్యి. ఈ నాలుగు సీజన్లలో నేను బుట్టని చూసింది తక్కువ, బావని చూసింది ఎక్కువ. ఈ మాట అప్ప ముందు అంటే పడీ పడీ నవ్వుతుంది.

నిన్న బావ వేసినవన్నీ తప్పిపోయాయి. కొంచెంలో తప్పినవి కావు. ఒకటి బుట్ట వెనక బల్లకి కూడా తగలకుండా జనంలోకి పోయింది. రెండో సగంలో అసలు వేయనే లేదు. బంతి పట్టుకుని నిలబడిపోతే చేతిలోంచి లాక్కుపోయారు.

ఇంకా నాలుగు మ్యాచ్‌లున్నాయి. మూడైనా గెలవకపోతే పై లీగ్ నుంచి పడిపోతాం. పడిపోతే జట్టు ఉండదు, అందరం మళ్ళీ నాచు తొట్ల పనికే. ఆటలోకి రాకముందు నేను ఆ తొట్లలోనే చేశాను. ఊరంతా తినే పచ్చటి జావ అక్కణ్ణుంచే వస్తుంది. దాని వాసన పట్టిన చేతుల్ని ఎన్నిసార్లు కడుక్కున్నా అన్నం తినబుద్ధి కాదు.

2. ప్రాక్టీసు రోజు

ఈ రోజు రాసేది మాష్టారికి చూపించను.

మా జట్టుకి తాగే నీళ్ళు ఒకే చెంబులో ఇస్తారు. అందరూ ఎత్తి పోసుకోవాల్సిందే, పెదవి తగలకూడదు. బావ అయితే చెంబుని మూరెడు ఎత్తులో పట్టుకుని చుక్క కింద పడకుండా తాగేవాడు. పిల్లలు చూడ్డానికి వచ్చేవారు. అలాంటివాడు ఇవాళ మా అందరికీ వీపు తిప్పి, చెంబుకి నోరు పెట్టి తాగాడు.

"ఎంగిలి చెంబు మాకిస్తావేటి బావా?" అని గట్టిగానే అడిగాను. దాలినాయుడు నవ్వాడు. బావ నవ్వలేదు, తిట్టనూ లేదు. అది చూసే నాకు అనుమానం వచ్చింది.

ప్రాక్టీసు అయ్యాక గుడ్డలు మార్చుకునే గది వెనక సందులో పట్టుకున్నాను. పైన దీపం చూపించి, దాన్ని చూడమన్నాను.

"ఎందుకే?"

"సూడు బావా."

గోడకున్న కమ్మీ పట్టుకుని తల ఎత్తాడు. కళ్ళు రెండూ పక్కకి జారి జారి కొట్టుకున్నాయి. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నేను పట్టుకోకపోతే మొహం నేలకి కొట్టుకునేదే.

కిందకి చూస్తే బాగానే ఉంటుందట. నడుస్తాడు, పరిగెడతాడు, కాపలా కాస్తాడు. తల పైకెత్తితేనే ఊరంతా గిరగిరా తిరుగుతుందట. పది రోజులై మొదలైందట. తల ఎత్తకుండా బుట్టలో బంతి వేసే షూటర్ ఎక్కడైనా ఉంటాడా?

"తిరుగుడు చెవి" అన్నాను. ఆ మాట మా ఊళ్ళో ఎవరూ గట్టిగా అనరు. అది పట్టినవాళ్ళని బొడ్డుకి పంపేస్తారు. బొడ్డంటే చక్రం నడిమధ్య. అక్కడ తిరుగుడు లేదు, బరువూ లేదు, పడిపోయే భయమూ లేదు. కానీ అక్కడ కొన్నాళ్ళుంటే ఎముకలు పిండైపోతాయి, ఇక కిందకి దిగలేరు. తాపీపని లచ్చయ్య వెళ్ళాడు, రాలేదు. ఎదురింటి సూరీడమ్మ వెళ్ళింది, రాలేదు. వెళ్ళి వచ్చినవాళ్ళెవరూ నాకు తెలీదు.

"ఎవుల్తోటీ అనకు" అన్నాడు బావ. "మీ అప్పతో అసలే అనకు. దాని నోట్లో నువ్వుగింజ నానదు. డాక్టరమ్మ వాటా పక్కనే మన వాటా. ఇంటి గుట్టు లంకకి సేటు."

"మరి ఆట?"

"ఈ సీజను అయిపోనీ. ఈలోగా అదే తగ్గిపోతాదేమో. నాకు బంతియ్యకు, అంతే."

నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయించుకున్నాడు. వేశాను.

3. సువర్ణముఖి చక్రంతో ఆడిన రోజు

ఓడిపోయాం. ఇంక మూడుకి మూడూ గెలవాలి.

బావకి బంతి ఇవ్వలేదు. మరి ఎవరికివ్వాలి? దాలినాయుడికిస్తే చేతిలోంచి జారింది. పక్కనున్న కుర్రాళ్ళకి ఇస్తే భయపడి నాకే తిరిగిచ్చారు. చివరికి నేనే వేశాను. నాకు అడ్డు రావాల్సినమ్మాయి రెండడుగులు వెనక్కి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది. అందించే చెయ్యి వేస్తే చూసి నవ్వుకుందామని. రెండు పడ్డాయి, మిగతావి పోయాయి.

ఊరు ఊరంతా నన్ను తిడుతోంది. "బావ కాళీగున్నాడు కనిపించలేదా?" "షూటర్ అయిపోదామని సోకు." మాష్టారు ఆట మధ్యలో నన్ను పిలిచి, కోర్టు అంచున నిలబెట్టి, గొంతు తగ్గించి అడిగారు. తిట్టినా బాగుండేది.

"ఏటే, మీ ఇళ్ళ మధ్యన ఏదైనా అయ్యిందేటి?"

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో అప్పుడు అర్థం కాలేదు. సాయంత్రానికి అయింది. పోయిన పండక్కి మా అమ్మ పంపిన ఎండుచేపల పంపకంలో నాకు తక్కువ వచ్చిందనీ, అందుకే బావ మీద కక్ష కట్టి బంతి ఇవ్వడం లేదనీ ఊరు తేల్చేసింది. మా ఊళ్ళో ఏ సమస్యకైనా కారణం రెండిళ్ళ మధ్య తగువే. చక్రం ఆగిపోయినా ఎవరో ఎవరితోనో మాట్లాడ్డం మానేశారనే అంటారు.

నేను కాదనలేదు. కాదంటే మరి ఎందుకని అడుగుతారు. ఎండుచేపల కోసం చెల్లెలు అక్క కాపురం మీద కక్ష కట్టిందన్న మాట మింగి ఊరుకున్నాను. నా ఒంటికి ఇది పడే పని కాదు.

మాష్టారు ఆఖరి మాట చెప్పేశారు. రేపు పోలమ్మ ఇంట్లో రాజీ భోజనం. వచ్చే మ్యాచ్‌లో బావకి బంతి ఇవ్వకపోతే నేను బెంచీ మీద, నా బదులు వేరే పిల్ల. ఆ పిల్ల మొదటి బంతే బావకిస్తుంది. బావ తల ఎత్తుతాడు. చూసేవాళ్ళలో మొదటి వరసలో డాక్టరమ్మ కూర్చుంటుంది.

4. రాజీ భోజనం

అప్ప వండింది. నాచు పిండి రొట్టెలు, తొట్టి చేపల పులుసు. నా పళ్ళెంలో చేప ముక్కలు గుట్టగా పోసింది, ప్రేమతో కాదు.

"తిను. తక్కువయ్యిందంటావేమో మళ్ళీ" అంది.

మాష్టారు గొంతు సవరించుకున్నారు. ఆయన పెద్దమనిషిగా కూర్చున్నారు కానీ తీర్పు చెప్పడానికి తగువేదీ లేదు. బావ తల వంచుకుని తింటున్నాడు. ఇప్పుడతను ఎప్పుడూ తల వంచుకునే ఉంటున్నాడు. సిగ్గుపడుతున్నాడని మాష్టారు అనుకున్నట్టున్నారు.

అప్ప పులుసు గిన్నె కింద పెట్టి నా ఎదురుగా కూర్చుంది. "అమ్మ పనికెళ్తే నిన్ను చంకనేసుకుని తిరిగేను. నా పెళ్ళిలో నా కొంగు వదల్లేదు నువ్వు. నీకు నా మొగుడు ఏటి సేసేడే? ఆ మనిషి రాత్రి నిద్దరోడం లేదు. మంచం పట్టుకుని పడుకుంటన్నాడు. నీ మూలంగా."

మంచం ఎందుకు పట్టుకుంటున్నాడో నాకు తెలుసు. చెప్పేద్దామని నోరు తెరిచాను. బావ తల ఎత్తకుండానే కళ్ళు మాత్రం ఎత్తి నన్ను చూశాడు. మాట మింగలేక కక్కలేక చేప ముక్క ఒకటి నోట్లో కుక్కుకున్నాను.

అప్పుడు తోచింది, తోచిందే తడవు మాష్టారి వైపు తిరిగాను. "నాకేం కక్ష లేదు మాష్టారూ. బావని ఇద్దరు కాస్తన్నారు, చూసేరా? ఏ చక్రం వచ్చినా ఇద్దరే. కాయనీండి. బావ ఓ మూలకెళ్ళి నిలబడి బంతి కావాలని చప్పట్లు కొడతాడు. ఇద్దరూ అతన్ని వదల్రు. మిగిలింది మేం నలుగురం, వాళ్ళు ముగ్గురు. ఎవడో ఒకడు కాళీగా దొరుకుతాడు. వాడు వేస్తాడు."

"అడ్డే చెయ్యి వేస్తాదేటి? అందించే చెయ్యి వేస్తాదేటి?" మాష్టారు రొట్టె పక్కన పెట్టేశారు. "పెద్దలు చెప్పిన చెయ్యి మార్చడం మన ఊళ్ళో లేదు."

"పై లీగ్‌లో మనం ఉండడం కూడా ఇంక ఉండదు మాష్టారూ."

"అసిరీ, నువ్వేటంటావు? నిన్ను ఎరగా పెడతానంటంది మరదలు."

బావ నీళ్ళు చిన్న గుక్క తాగాడు, గ్లాసుకి నోరు పెట్టి. "మరదలు మాటే కానీండి" అన్నాడు. అప్ప అతని వైపు వింతగా చూసింది. అతను ఎవరికోసమైనా ఏదైనా వదులుకోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

5. మహేంద్రతనయ చక్రంతో గెలిచాక

రెండు గెలిచాం, వరసగా.

చూసేవాళ్ళకి మా ఆట పిచ్చిగా ఉంటుందేమో. బావ మూలన నిలబడి చేతులు చాచి నన్ను తిడుతూ ఉంటాడు. "ఇయ్యవే, కళ్ళు పోయాయేటి, ఇయ్యి!" ఇద్దరు కాపలా మనుషులు అతని చొక్కా వదలరు. మిగతా కోర్టులో చోటే చోటు. దాలినాయుడు బరువు బుట్టకి దగ్గరగా వెళ్ళి పెట్టేసి వస్తున్నాడు. వాడిలో ఒక షూటర్ ఉన్నాడని వాడికి కూడా తెలీదు పాపం. తేలిక బుట్ట వైపు నేను వేస్తున్నాను. బుట్టకి ఓ బారెడు ముందు గాలిలో ఒక చోటు చూసుకుని అక్కడికి వేస్తే మిగతా దూరం బంతే తేలుకుంటూ పోతుంది. నాలుగు సీజన్లుగా బావ చెయ్యి చూసినదాన్ని. చూసి చూసి వచ్చింది.

నాకు సంతోషంగా ఉంది. అది రాయడానికి సిగ్గేస్తోంది కూడా. ఎందుకంటే బావకి రోగం ముదురుతోంది. మొన్న మెట్ల దగ్గర తల ఎత్తకుండానే తూలాడు. నిన్న సందులో గోడ పట్టుకుని నడుస్తుంటే చూశాను. డాక్టరమ్మ దగ్గరికి పోదాం బావా అన్నాను. ఈ ఒక్క మ్యాచ్ అయిపోనీ అన్నాడు. సరే అన్నాను. గట్టిగా లాక్కుపోయి ఉండొచ్చు. నాకూ ఆ మ్యాచ్ కావాలి. నాచు తొట్లకి పోవడం నాకిష్టం లేదు. ఇంకా నిజం చెప్పాలంటే, బంతి వేయడం నాకు నచ్చింది.

అప్ప నాతో మాట్లాడ్డం లేదు. గెలిచినందుకు ఊరంతా తనే తిరిగి పప్పుండలు పంచి, నా ఇంటికి మాత్రం పక్కింటి పిల్లతో పంపింది.

6. నాగావళి చక్రంతో ఆఖరి మ్యాచ్

బట్టలైనా మార్చుకోకుండా ఇప్పుడే రాసేస్తాను.

మొదటి సగం అంతా మేం అనుకున్నట్టే నడిచింది. బావ మూలన నిలబడి తిట్టాడు, ఇద్దరు కాశారు, మేం నలుగురం వేశాం. ముందున్నాం. విరామంలో నాగావళి కోచ్ తన పిల్లల్ని దగ్గరికి పిలిచి ఏదో అడగడం కనిపించింది. ఏమడిగి ఉంటాడో నాకు తెలుసు. ఈ సీజన్లో అసిరినాయుడు చివరిసారి ఎప్పుడు వేశాడు?

రెండో సగం మొదలవగానే ఆ ఇద్దరూ బావని వదిలేశారు. ఒకడు నా మీదకి వచ్చాడు, ఇంకొకడు దాలినాయుడి మీదకి. మూలన బావ ఒక్కడే మిగిలాడు. చుట్టూ పది అడుగుల్లో మనిషి లేడు.

ఇక మా ఆట బిగుసుకుపోయింది. ఎటు చూసినా వాళ్ళ చేతులే. దాలినాయుడికి ఊపిరాడలేదు. ఒక్కొక్క పాయింటూ కరిగిపోయింది. ఆఖరి నిమిషానికి ఒక పాయింటు వెనకబడ్డాం. బంతి నా చేతిలో, ఎదురుగా తేలిక బుట్ట.

జనం లేచి నిలబడ్డారు. "అసిరికియ్యి! అసిరికియ్యి!" అని ఒకే గొంతు. అందులో అప్ప గొంతు వేరే వినిపించింది నాకు. "ఇయ్యవే నూకా! నీ కాళ్ళట్టుకుంటాను, ఇయ్యవే!"

చిన్నప్పుడు తప్ప నన్ను నూకా అని పిలవలేదు. డాక్టరమ్మ కూడా లేచి నిలబడింది. ఇప్పుడు ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని లోకమంతా అడుగుతుంది. ఇస్తే తల ఎత్తుతాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అక్కడ నిలబడ్డాను. నా మీద ఇద్దరు పడి ఉన్నారు, సమయం అయిపోతోంది. బావ తిట్టడం లేదు. ఊరికే చేతులు చాచి ఉన్నాడు. రెండు అరచేతులూ నా వైపు తెరిచి.

ఇచ్చేశాను.

నా మీదున్న ఇద్దరూ, దాలినాయుడి మీదున్నవాడూ ఒక్కసారి అతని మీదకి దూకారు. అనుమానం ఎంతున్నా, అసిరినాయుడి చేతిలో బంతి చూసి ఆగగలిగినవాడు ఈ పన్నెండు చక్రాల్లో లేడు. జనమంతా బుట్ట వైపు తలలెత్తారు. బావ ఎత్తలేదు. నన్నే చూస్తూ, ఆ ముగ్గురి చేతుల కిందనుంచి, నేల వారగా బంతిని నాకు తోశాడు.

అతను పాస్ ఇవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఎవరూ చూడలేదు. అతనికి ఆ చెయ్యే లేదన్నారు పెద్దలు. అంత చక్కటి పాస్ నాకు నా జన్మలో ఎవరూ ఇవ్వలేదు.

నేను ఒక్కదాన్నే ఉన్నాను. వేశాను. పడింది.

ఆ తర్వాత అంతా గోల. మాష్టారు పంచె ఎగ్గట్టి గంతులేశారు. దాలినాయుడు నన్ను ఎత్తుకుని తిప్పబోతే వద్దురా అని అరిచాను. ఆ గోలలో అప్ప వైపు చూశాను. అందరూ ఎగురుతుంటే ఆమె నిలబడి ఉంది. చూపు నా మీదా లేదు, బుట్ట మీదా లేదు. మూలన నేలకేసి చూస్తూ గోడకి చెయ్యి ఆన్చుకున్న మొగుణ్ణి చూస్తోంది.

7. గెలిచిన మర్నాడు

అప్పే తీసుకెళ్ళింది. తెల్లారగానే బావ రెక్క పట్టుకుని పక్క వాటా తలుపు తట్టింది. బొడ్డు భయం ఆమెకి లేదా అంటే, ఉంది. అయినా తట్టింది.

మధ్యాహ్నం డాక్టరమ్మ నన్ను కూడా పిలిపించింది. ఎప్పుడు తెలిసింది, ఎలా తెలిసింది అని అడిగింది. చెంబు సంగతి చెప్పాను.

"అప్పుడే తెచ్చుంటే చుక్కల మందుతో సరిపోయేదమ్మా" అంది. "మొదటి నెల్లో వచ్చినవాళ్ళకి దాదాపు అందరికీ తగ్గిపోతుంది. ఇప్పుడు లోపల నరం పోయింది."

"తగ్గినవాళ్ళు ఎవరున్నారండీ? అందరూ బొడ్డుకే పోయారు కదా."

"నీ చుట్టూనే ఉన్నారు. మీ జట్టులో కూడా ఒకరున్నారు. పేరు చెప్పకూడదు. తగ్గాక ఎవరితోనూ అనొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. అందరూ అంతే."

బయటికి వస్తే వరండాలో గవరయ్య మాష్టారు కూర్చుని ఉన్నారు. నా మొహం చూసి తల దించుకున్నారు. "మూడేళ్ళ కిందట" అన్నారు నేనడక్కుండానే. "పదిహేను రోజులు సుక్కలేసుకున్నాను. ఎవరికైనా తెలిస్తే కోచ్ పని పోతాదని... నాకేటి తెలుసే తల్లీ."

తిడదామని నోరు తెరిచాను. ఆయన్ని ఏ మాట అంటే అది నాకూ తగులుతుంది.

8. లిఫ్ట్ దగ్గర

బొడ్డుకి పోయే లిఫ్ట్ ఇవాళ పొద్దున్న వెళ్ళింది. ఊరు ఊరంతా వచ్చింది. వచ్చే సీజనుకి వేసే చెయ్యి నాదని పెద్దలు నిన్ననే చాటించారు. నలుగురైదుగురు వచ్చి నన్ను మెచ్చుకున్నారు కూడా, అక్కడే, ఆ లిఫ్ట్ ముందే. వాళ్ళకి బుద్ధి లేదు.

బావ కుర్చీలో కూర్చున్నాడు. నా చెయ్యి పట్టుకుని, "ఆ పాస్ ఎలాగున్నాది?" అని అడిగాడు.

"బాగున్నాది బావా."

"నాకూ బాగున్నాది. ముందే అందించడం నేర్చుకోవలసింది."

అప్ప సంచి భుజానికేసుకుని అతని వెనక నిలబడింది. ఆమె కూడా వెళ్తోంది. వద్దని అందరూ చెప్పి చూశారు. నీ ఎముకలు కూడా పోతాయే అన్నారు. పోనీండి అంది. వద్దని చెప్పే మొహం నాకు లేదు. కాళ్ళ మీద పడ్డాను. లేవనెత్తింది. ఒట్టు సంగతి చెప్పాను, బావ నా తల మీద చెయ్యి పెట్టిన సంగతి, భోజనాల దగ్గర నోటిదాకా వచ్చిన సంగతి, అన్నీ గబగబా చెప్పేశాను. ఆమె చివరిదాకా విన్నది.

"బంతి ఇయ్యలేదని నిన్ను ఎన్నెన్నో అన్నాను. అది మనసులో పెట్టుకోకు" అంది. చీర కొంగుతో నా మొహం తుడిచింది. "కానీ నూకా, ఊరందరికీ అందించేదానివి కదే. నాకొక్క మాట అందించలేపోయావా?"

సిబ్బంది పిలిస్తే కుర్చీ తోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.